నాలుగో స్వరం

ఆ బ్యాంకుకు గుర్తుగా మోగే మూడు స్వరాలు అతని భార్య కూనిరాగమే. గిన్నెలు తోముతూ ఆమె తీసింది నాలుగు. ప్రకటనలకు బాణీలు కట్టే అతను దాన్ని రికార్డు చేసి వినిపిస్తే, "ఆఖరిది మరీ సాగుతోందండీ, తీసెయ్యండి" అన్నాడు బ్యాంకు మేనేజరు. అతను కత్తిరించాడు. ఆ నెల్లోనే ఆమె పోయింది.

ఇప్పుడు ఏటీఎంలో, పక్కవాడి జేబులో, ఎక్కడ చూసినా ఆమె గొంతే. విని విని అతని మనసు మొద్దుబారిపోయింది.

ఈ రాత్రి లైటార్పి పడుకోగానే ఫోన్‌కు బ్యాంకు మెసేజీ వచ్చింది. మూడు స్వరాలు మోగి ఆగాయి.

నాలుగోది వంటింట్లోంచి, గిన్నెల చప్పుడు మధ్య వచ్చింది.

అతను ఉలిక్కిపడలేదు. "సాగుతోంది" అన్నాడు, పని అలవాటు కొద్దీ.

అప్పటిదాకా వినిపిస్తున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మళ్ళీ కత్తిరించేస్తారా?"