పలకరింపు

"లేవరా నజీమ్! ఇంకొక్క క్షణం కూడా ఇక్కడ కూర్చోవద్దు," అన్నాడు అచ్యుత్, పళ్ళ బిగువున, తెలుగులో.

నజీముద్దీన్ లేవలేదు. ముందున్న టీ ఎప్పుడో చల్లారిపోయింది.

సిడ్నీలో యూదుల ఫిల్మ్ ఫెస్టివల్. ఆదివారం మధ్యాహ్నం సినిమా అయ్యాక, వచ్చినవాళ్ళందరికీ పక్క హాల్లో టీ, ఫలహారం. ఆఫీసులో వీళ్ళ పక్క సీటు రూత్ టికెట్లు అచ్యుత్ చేతిలో పెట్టి మరీ ఇద్దర్నీ రమ్మంది.

వచ్చినందుకు మర్యాద బాగానే జరిగింది, అచ్యుత్‌కి. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు అతన్ని కొత్తల్లుడిలా చూసుకుంటున్నారు. కేకు బావుందా? రెండువేల సంవత్సరం జనవరి ఒకటిన కంప్యూటర్లన్నీ నిజంగానే ఆగిపోతాయా? మీరిద్దరూ అది ఆపగలరా? ఒకటే ప్రశ్నలు. నజీముద్దీన్‌తో మాత్రం ఒక్కరూ ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు! పక్కనున్న ముసలావిడ ఉడకబెట్టిన గుడ్ల పళ్ళెం అతని ముందుకు జరిపి ఊరుకుంది. ఆఫీసులో నోరు మూతపడని రూత్ కూడా ఎదురుగా తల వంచుకు కూర్చుంది.

"నీ బ్యాడ్జి చూశారు. పేరు చూడగానే డిసైడ్ అయిపోయారు," అన్నాడు అచ్యుత్.

"పోనీలేరా."

"పోనీలే ఏంట్రా! తల్లి పోయినవాణ్ణి పగవాడైనా పలకరిస్తాడు. రూత్‌కి తెలుసుగా?"

తెలుసు. తెనాలిలో అమ్మ పోయి పదకొండు రోజులు. కొత్త సంవత్సరం దాటేదాకా ఎవరికీ సెలవుల్లేవంది ఆఫీసు. అమ్మని మట్టి చేసిన సంగతి ఫోన్లో విన్నాడు. విని, ఫోను పెట్టేసి, మళ్ళీ ప్రోగ్రాముల్లో తేదీలు దిద్దుకుంటూ కూర్చున్నాడు. ఇవాళ్టి వరకూ కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. ఇందాక సినిమాకి హాలు హాలంతా ముక్కులు చీదుతుంటే తనొక్కడే బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఇంక ఏడుపు రాదేమో, అసలు తను అమ్మకి కొడుకునే కాదేమో అన్న భయం ఒక్కటే మిగిలింది. మిగతాదంతా మొద్దుబారిపోయింది. ఈ అవమానం కూడా ఎవరికో జరుగుతున్నట్టే ఉంది.

అచ్యుత్ కుర్చీ చప్పుడయ్యేలా వెనక్కి నెట్టి లేచాడు. బల్ల దగ్గర మాటలు టక్కున ఆగిపోయాయి. అందరూ నజీముద్దీన్ వైపే చూశారు.

ఇక తప్పలేదు. అతనూ లేచి, ముసలావిడతో ఇంగ్లీషులో మెల్లిగా అన్నాడు.

"నేనుండటం మీకు ఇబ్బందైతే వెళ్ళిపోతానమ్మా. గొడవకి రాలేదు. ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేక వచ్చాను."

ముసలావిడ గభాల్న అతని చెయ్యి పట్టుకుంది. ఎదురుగా రూత్ కళ్ళు తుడుచుకుంటోంది.

"హమ్మయ్య, మాతో మాట్లాడావు!" అంది ముసలావిడ. "రూత్ అంతా చెప్పింది. మాలో, మనిషి పోయిన దుఃఖంలో ఉన్నవాడు తనంతట తాను నోరు విప్పేదాకా మేం ముందు పలకరించకూడదు నాయనా. గంట నుంచీ నీ మాట కోసమే కాచుక్కూర్చున్నాం. ఇప్పుడు చెప్పు, మీ అమ్మ పేరేంటి?"