మూతలేని ట్రేలు

"ఆ పురుగులైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చండి వదినా!" మా ఇంట్లోనే ఉంటున్న బాబాయ్ హాల్లోంచి అరిచాడు.

అమ్మ విసురుగా నా రూమ్‌కి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. సరిగ్గా అడుగు పెట్టే చోట మూడు ట్రేలున్నాయి. వాటి నిండా గోధుమ తవుడు, క్యారెట్ ముక్కలు, మధ్యలో లుకలుకలాడే పసుపు పురుగులు. పెరట్లో కోళ్లకి మేత అని పెంచుతున్నాను.

"కోళ్లేమో పెరట్లో, పురుగులేమో పడగ్గదిలోనా? తీసుకెళ్లి షెడ్డులో పెట్టు."

"పెట్టను."

"మూతలైనా పెట్టి చావవే!"

"పెట్టనమ్మా. గాలాడక చచ్చిపోతాయి."

"చస్తే పీడా పోతుంది. పురుగుని చూస్తే బాబాయ్‌కి ఒళ్లు జలదరిస్తుందని తెలుసుగా? పాపం, నీ గడప తొక్కడమే మానేశాడు."

ట్రేలకి అడ్డంగా నిలబడ్డాను.

"తెలుసు. అందుకే తెచ్చాను."

అమ్మ నా మొహం చూసింది. తర్వాత తలుపు చూసింది. లోపలి గడియ ఉండాల్సిన చోట స్క్రూల కన్నాలు మాత్రమే ఉన్నాయి.

"గడియ ఎవరు పీకారే?" అంది, గొంతు బాగా తగ్గించి.

నేను హాలు వైపు చూశాను.

పురుగులంటే అమ్మకీ అసహ్యమే. అయినా వంగి ఒక ట్రే ఎత్తుకుంది. హాల్లోకి వెళ్లి బాబాయ్ కాళ్ల ముందు దించింది.

"తేల్చేశాను మరిదిగారూ. పురుగులే ఉంటాయి. మీ రూమ్ ఖాళీ చెయ్యండి, వీటికి చోటు చాలట్లేదు."