తుపాకి లెక్క

తలుపు చప్పుడుకి కుట్టుమిషను ఆగిపోయింది.

కోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు పెదవుల మీద వేలు పెట్టుకుంది.

మళ్ళీ చప్పుడు. గట్టిగా కాదు, మొహమాటపడుతున్నట్టు.

సైన్యం నుంచి కాగితం వచ్చినప్పటినుంచీ ఆ ఇంట్లో ఏ చిన్న చప్పుడైనా ఇంతే. వాళ్ళబ్బాయి కొండల్లో కాపలాకి వెళ్ళి తిరిగి రాలేదట. అతని పేరున ఇచ్చిన తుపాకి లెక్కకి రావడం లేదట. తుపాకి, ఓవర్‌కోటు ఇంట్లో ఉంటే వెంటనే అప్పగించాలట. దాచినట్టు తేలితే ఇంట్లోవాళ్ళదే బాధ్యతట.

అతను బతికున్నాడో లేదో మాత్రం అందులో ఒక్క ముక్క లేదు.

తుపాకిని వాళ్ళు కళ్ళతో చూడలేదు. ఓవర్‌కోటు మాత్రం ఇంట్లోనే ఉంది. ఆఖరిసారి సెలవుకి వచ్చినప్పుడు కూతురు చలికి వణకడం చూసి, విప్పి భార్య చేతిలో పెట్టాడు.

"దీన్ని కోసి చిన్నదానికి కోటు కుట్టెయ్. నా సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడు.

ఆమె కుట్టేసింది. ఇప్పుడు మిగిలిన ముక్కల్ని, సర్కారు ముద్ర ఉన్న గుండీల్ని పరుపులో పెట్టి కుట్టేసి, ఆ పరుపు మీదే నిద్రపట్టక దొర్లుతోంది.

పై వాటా డ్రైవరు ఒకప్పుడు మిలిటరీ లారీ నడిపినవాడు. అతను ముందే చెప్పాడు.

"వాళ్ళు యూనిఫాంలో రారు పిన్నీ. మామూలు బట్టల్లో వస్తారు. మీ అబ్బాయి స్నేహితుణ్ణంటారు. మీరు నోరు జారారో, ఇల్లంతా తిరగేస్తారు. ఆనక మిమ్మల్నీ పట్టుకుపోతారు."

అత్తగారు తలుపు బెత్తెడు తీసింది.

మెడకి మఫ్లరు చుట్టుకున్న మనిషి. మామూలు బట్టలు. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు.

"ఎవరు కావాలి?"

అతను ఆమె కొడుకు పేరు చెప్పాడు. "వాళ్ళిల్లు ఇదేనా అండీ? నేను అతని స్నేహితుణ్ణి."

అత్తగారు తలుపు ఇంకాస్త దగ్గరికి లాగింది.

"వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు బాబూ. మేం కొత్తగా దిగాం."

"ఎక్కడికెళ్ళారో తెలుసా?"

"రైల్వే గేటు అవతల ఎక్కడో అన్నారు. ఏంటో చెప్తే, కనపడినప్పుడు చెప్తాం."

అతను తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. వాళ్ళకే చెప్పాలి."

గోడ పట్టుకుని, ఆగి ఆగి మెట్లు దిగాడు.

"చూశావా అమ్మాయ్? అచ్చం డ్రైవరు చెప్పినట్టే! స్నేహితుణ్ణన్నాడు."

"పాపం, దగ్గుతున్నాడత్తయ్యా."

"దగ్గు కూడా నటిస్తారే. జీతాలిచ్చేది అందుకేగా!"

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు.

ఈసారి వీళ్ళు లేచేలోపే చిన్నది పరిగెత్తి గడియ లాగేసింది. ఒంటి మీద ఆ కోటే ఉంది.

అతని చూపు కోటు మీద పడి అక్కడే ఉండిపోయింది. వంగి, కాలరు అంచుని వేళ్ళతో తడిమాడు.

"నువ్వేనా తల్లీ..." అన్నాడు.

కోడలు ఒక్క ఉదుటున వచ్చి పిల్లని లోపలికి లాగేసింది. తలుపు వేసి, గడియ పెట్టి, వీపు ఆనించి నిలబడింది.

"అమ్మా, మీరేనని తెలిసింది. తుపాకి గురించి మీకేం భయం లేదు. ఒక్కసారి తలుపు తియ్యండి."

తుపాకి అన్న మాట వినగానే అత్తగారు పిల్ల నోరు చేత్తో మూసేసింది.

"తలుపు అవతల నుంచి చెప్పే మాట కాదమ్మా. నాకట్టే టైము లేదు."

"బెదిరిస్తున్నాడే" అని గొణిగింది అత్తగారు.

కోడలు కళ్ళు గట్టిగా మూసుకుంది. అవతల చాలాసేపు దగ్గు వినిపించింది. తర్వాత మెట్ల మీద అడుగులు.

ఆ సాయంత్రమే ఆమె పరుపు విప్పి ముక్కల్ని పొయ్యిలో వేసింది. గుండీల్ని మురిక్కాలవలో పారేసింది. ఆఖరికి పిల్ల ఒంటి మీది కోటు కూడా లాక్కుని కాల్చేసింది. చిన్నది ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

కొన్నాళ్ళకి మళ్ళీ కాగితం వచ్చింది. ఆఫీసుకి రమ్మని.

"ఏమడిగినా నా మీదకి తోసెయ్. ముసల్దే చేసిందని చెప్పు. నీకు పిల్లుంది" అంది అత్తగారు, కోడలి చెయ్యి వదలకుండా.

ఆఫీసులో ఊచల కిటికీ వెనక గుమాస్తా ఫైలు తిరగేశాడు. కోడలు ఇవతల కాగితం పట్టుకుని నిలబడింది.

"తుపాకి జమైంది. కోటు పాత సామాను కింద లెక్కలోంచి కొట్టేశాం. మీ మీద ఇక ఏ విచారణా లేదు. ఇక్కడ సంతకం పెట్టండి."

అంతేనా? ఇన్నాళ్ళ భయం ఇంత తేలిగ్గా పోయిందా? పెన్ను అందుకుంటూ ఉలిక్కిపడింది.

"తుపాకి జమైందా? అయితే... ఆయన వచ్చారా సార్?"

"ఆయన కాదమ్మా. తోటివాడొకడు తెచ్చిచ్చాడు. గొంతు దగ్గర గాయం. మఫ్లరు చుట్టుకుని వచ్చాడు."

పెన్ను కాగితం మీద ఆగిపోయింది.

"ఆయన ఏం చెప్పారు?"

"ఏదో చెప్పబోయాడు. బాబూ, ఇది ఆయుధాల సెక్షను, నాకు తుపాకి నంబరు చాలు, మనుషుల సంగతి ఇక్కడ రాసుకోం అన్నాను. అయితే వాళ్ళింటికే వెళ్ళి చెప్తానని మీ అడ్రసు తీసుకున్నాడు. రాలేదా?"

ఆమె ఊచలు పట్టుకుంది.

"ఇప్పుడెక్కడున్నారు?"

"మొన్న మిలిటరీ ఆసుపత్రిలో పోయాడమ్మా."

గుమాస్తా మొదటిసారి తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"మీ ఆయన్ని కొండల్లో తన చేతులతో పూడ్చిపెట్టి వచ్చానన్నాడు, నేను విన్నది అంతవరకే. ఆ చోటెక్కడో ఇంకెవరికీ తెలీదు."