మడి కట్టుకున్న డైసీలు

"ఊరికే ఇస్తావుండావంటే నాకు అనుమానంగా ఉండాది. యాడన్నా కొట్టుకొచ్చినావా ఏంది?"

చంద్రకాంతమ్మ బుట్టలోంచి ఒక డైసీని తీసి, కళ్ళజోడు సర్దుకుని మరీ చూసింది. తెల్లటి రేకులు, నడుమ పసుపు ముద్ద. ఎక్కడా మచ్చ లేదు. అది ఆమెకు నచ్చలేదు.

దొరస్వామి సైకిలుకు స్టాండు వేశాడు. "నేను పెంచినవేమ్మా. పూసినవి పూసినట్టు కోస్తానే ఉండాల, లేకుంటే కొత్త మొగ్గ రాదు. కోసి పారేసేదానికి మనసు రాక తెచ్చినా."

చంద్రకాంతమ్మ వద్దన్న పువ్వును చిత్తూరులోని ఆ వీధిలో ఏ దేవుడూ ముట్టడు. ఆమె తీసుకుంటే మిగతా ఇళ్ళూ తీసుకుంటాయి. లేదంటే బుట్టెడు పూలూ చెత్తబండికే. నారు పోసింది మొదలు చంటిపిల్లల్లా సాకాడు వాటిని. అడిగినదానికి నిజమే చెప్పాలని, అడగనిదానికి నోరు విప్పకూడదని దారిలోనే తీర్మానించుకున్నాడు.

"ఎరువేం వేస్తావు? ఎముకల పొడి గానీ..."

"రామ రామ! నేను కొనింది లేదమ్మా. ఆవు పేడ, గుప్పెడు బూడిద. అంతే."

"ఏం బూడిదప్పా?"

"కట్టెలదే. దానికి మాకు కరువు లేదులేమ్మా."

"విభూతి మాదిరి!" అంది చంద్రకాంతమ్మ. గొంతు కొంచెం మెత్తబడింది. "మరి అంటూ ముట్టూ? ఆడోళ్ళు తిరిగే తావేనా?"

"ఆడోళ్ళు గేటు దాటి రారమ్మా, పెద్దోళ్ళ కట్టుబాటు. మగోళ్ళు గూడా తలకు పోసుకోకుండా ఇండ్లకు పోరు."

చంద్రకాంతమ్మ వంటింటి వైపు తిరిగింది. "వింటివా రూపశ్రీ? ఆ మగోళ్ళకుండే మడి నీకుండాదా?"

స్నానం కాకుండానే కాఫీ తాగుతున్న కోడలు గ్లాసు కొంగు చాటుకు చేర్చింది.

"వచ్చేటోళ్ళు ఎట్లాంటోళ్ళు?"

"అన్ని రకాలోళ్ళూ వస్తారమ్మా. ఎవురొచ్చినా గోవిందా గోవిందా అనుకుంటానే వస్తారు. ముందర శంఖం ఊదుకుంటా."

చంద్రకాంతమ్మ కళ్ళు అరమోడ్పులయ్యాయి. "ఇంతకీ యాడుండాది ఆ తోట?"

దొరస్వామి సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. "మన నీవా నది ఉండాది గదమ్మా, ఆ ఏటి గట్టున."

"ఏటి గట్టున ఆశ్రమం!"

ఆశ్రమమని అతను అనలేదు. కాదనీ అనలేదు. సైకిలు బెల్లుకు లేని దుమ్ము తుడిచాడు.

"నాకూ ఒకసారి చూడాలని ఉండాదప్పా. ఈ మోకాళ్ళతో నడిచేదెట్లా?"

"నడిచే పనే లేదమ్మా. మీ పిల్లోళ్ళే తీసుకొస్తారు. తొందరేముండాది, నిదానంగా రాండి."

లోపల రూపశ్రీకి కాఫీ పొలమారింది.

"ఎంత మర్యాదో చూడు," అని చంద్రకాంతమ్మ దోసిలి పట్టింది. ఇంట్లో ఉన్న ప్రతి పటానికీ ఒక డైసీ పెట్టింది. అన్నింటికంటే పెద్దది తన ముడిలో తురుముకుంది. ఆ తరువాత వాకిట్లో నిలబడి, "ఇంత శుద్ధమైన పూలు తిరుపతి కొండ మీద గూడా దొరకవు, తీసుకోండే!" అని వీధంతా వినిపించేలా చెప్పింది.

బుట్ట ఖాళీ అయింది. ఈలోగా దొరస్వామి జేబులో ఫోను మోగింది.

"యాడుండావు సామీ? బయల్దేరేసినారు!"

అతను ఆదరాబాదరాగా సైకిలు తొక్కాడు. ఏటి గట్టెక్కేసరికే వెనక నుంచి శంఖం వినిపిస్తోంది.

దిగి, శ్మశానం గేటు తెరిచాడు.