గొర్రెలపాక తలుపు

ఎల్లుండి నాకు ముప్పై అయిదు నిండుతాయి. ఆలోగా మాలకీ మామయ్య పొలం నా పేరిట రిజిస్టరు కావాలి. లేదంటే మా ఐర్లాండులో యువరైతులకిచ్చే స్టాంపు పన్ను మాఫీ నాకు దక్కదు. ఆ పన్ను కట్టాలంటే గొర్రెల్నే అమ్ముకోవాలి.

లాయరమ్మ ఆఖరి కాగితం నా ముందుకు జరిపింది. "వారానికి ఇరవై గంటలు సేద్యం చేస్తానని రాసివ్వాలి. నర్సు ఉద్యోగం చేసుకుంటూ అది కుదిరే పనేనా, ఈమర్?"

పక్కనే మామయ్య. క్రిస్మస్ నుంచీ నేను కారు దిగడం ఆలస్యం, గడియారం చూసి, "వేంచేశారా, సగంపూట రైతమ్మగారూ?" అనేవాడు. నేను వెళ్లేటప్పుడు మళ్లీ గడియారం చూసి, గొర్రెలకు గుర్తుపెట్టే నీలిరంగుతో పాక తలుపు మీద గీతలు గీసేవాడు. నా ఆలస్యాల లెక్క కాబోలని ఉడుక్కునేదాన్ని.

"ఉండండమ్మా," అంటూ మామయ్య బయటికెళ్లాడు. ట్రైలరులోంచి ఆ తలుపునే మోసుకొచ్చి, గోడకి ఆనించాడు.

"గీతకో గంట. మీరే లెక్కపెట్టుకోండి. ఏ వారమైనా ఇరవైకి తగ్గాయా, మీసం తీయించుకుంటా!"

లాయరమ్మ నవ్వుతూ నా చేతికి పెన్ను ఇచ్చింది. సంతకం చేస్తుంటే నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

"నా ఆలస్యాలు రాస్తున్నావనుకున్నాను, మామయ్యా."

మామయ్య నా చెవి దగ్గరికి వంగాడు.

"అవీ రాశాలే. ఎర్రరంగుతో, అటువైపు. అందుకేగా గోడకి ఆనించింది!"