మంచులో ఎర్ర పెట్ట

అమ్మాన్ కొండల మీద మంచు మొదలైన ఉదయం ఎవరో తలుపు తట్టారు.

రస్మియ్య తలుపు తీసింది. పొడుగాటి ఉన్ని కోటులో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. కనుబొమల మీద కూడా మంచు.

"ఇందాక డేగ తన్నుకుపోయింది మీ డాబా మీది పావురం పెట్టనే, చెల్లెమ్మా. గూట్లో పిల్లలున్నాయా?"

"రెండున్నాయి. నీకెలా తెలుసు హాజీ?"

"దారిన పోతూ చూశాను. ఈ చలికి పోతు ఒక్కటే వాటిని కాచలేదు. సాయంత్రం దాకా ఉండవు."

రస్మియ్య తలుపు బార్లా తీసి ఆయన్ని లోపలికి రమ్మంది.

నిజానికి పావురాలంటే ఆమెకు ఒళ్ళుమంట. తమ్ముడు షుక్రీ ఉన్నన్నాళ్ళూ డాబా ఎక్కలేదు. "పొద్దస్తమానం ఆకాశంకేసి ఈలలు వేసేవాడికి పిల్లనెవడిస్తాడురా?" అని దెప్పేది. ఎవరూ ఇవ్వలేదు కూడా.

మొన్న జ్వరంలో పోతూ వాడు అడిగింది ఒక్కటే.

"అక్కా, ఆ గుడ్లు పిల్లలయ్యాయా?"

వాడు పోయిన మర్నాడు అయ్యాయి. ఇక వాటిని పోనివ్వడం ఆమె వల్ల కాదు.

ముసలాయన డాబా ఎక్కి, కోటు గుండీలు విప్పి, ఆ రెండు పసికూనల్నీ ఒంటికి ఆనించి చొక్కాలో దాచుకున్నాడు. నానబెట్టిన శనగలు తెప్పించుకుని మెత్తగా నమిలాడు. కళ్ళింకా సరిగా తెరవని పిల్ల ఒకటి ఆయన పెదాల మధ్య ముక్కు దూర్చి గుటకలు వేసింది.

రస్మియ్య ఫక్కున నవ్వింది. తమ్ముడు పోయాక అదే మొదటి నవ్వు.

"ఈ వయసులో ముద్దులా హాజీ!"

"ఈ వయసులో ముద్దు పెట్టేవి ఇవేనమ్మా."

రోజూ వచ్చేవాడు. లోయంతా పొగమంచు నిండిపోయింది. ఎదురుకొండ ఉందో లేదో తెలిసేది కాదు. డాబా ఒక్కటే మబ్బులో ఎటో తేలిపోతున్నట్టుండేది. పావురాలు గొంతులోనే గొణుక్కునేవి. ఆమె మైరమియ్య ఆకు వేసి టీ కాచి ఇచ్చేది. వింటున్నాడు కదా అని మనసులోదంతా చెప్పుకునేది.

"మావాడికి ఒక ఎర్ర పెట్ట ఉండేది హాజీ. యాకూత అని పేరు. ఎదురుకొండ అబూ దిర్గామ్ అని ఒక దొంగ, దాన్ని తన గుంపులోకి దింపుకున్నాడు. ఆ దిగులుతోనే వీడు మంచం పట్టాడు."

"అడిగి తెచ్చుకోకపోయాడా?"

"అడగడమా! ఆ ఇద్దరికీ పావురాల యుద్ధం. యుద్ధంలో చిక్కిన పావురాన్ని అడిగేదీ లేదు, ఇచ్చేదీ లేదు. ఇస్తే కాఫీ హోటల్లో అందరూ నవ్వరూ?"

"నవ్వుతారు."

"వాడి కొంప కూల!"

"ఆమీన్," అన్నాడు ముసలాయన, టీ ఊదుకుంటూ.

అయినా పిల్లలు తేరుకోలేదు. మెడలు వాల్చేస్తున్నాయి.

"నా నోటి తిండి చాలడం లేదమ్మా. తల్లి గొంతులో ఊరే పాలు కావాలి. పిల్లలు చలికి పోయిన పెట్ట ఒకటి దొరికితే..."

మాట ఆపి లోయలోకి చాలాసేపు చూశాడు. అక్కడ పొగమంచు తప్ప ఏమీ లేదు.

మర్నాడు రస్మియ్య రొట్టెలు తీసుకుని వచ్చేసరికి ఆయన డాబా మెట్లు దిగుతున్నాడు. ఒక్కడే. చొక్కాకి ఎర్ర ఈక అంటుకుని ఉంది.

ఆమెకు ఒళ్ళు భగ్గుమంది.

"ఇందుకా రోజూ వచ్చింది? నేను లేనిది చూసి నా తమ్ముడి పావురాన్ని ఎవడి చేతికిచ్చావు?"

"ఇవ్వలేదు చెల్లెమ్మా."

"ఒట్టెయ్! వద్దులే. పావురాలవాళ్ళు అబద్ధాలకోర్లని వాళ్ళ సాక్ష్యం కాజీయే నమ్మడు."

"నమ్మడు, నిజమే," అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. చేతులు చంకల్లో పెట్టుకుని మంచులోకి నడిచి వెళ్ళిపోయాడు.

ఆమె రొప్పుతూ డాబా ఎక్కింది. గూటి ముందు ఉన్ని కోటు తెరలా కట్టి ఉంది. తొలగించి చూస్తే, లోపల ఎర్ర పెట్ట ఒకటి పిల్లల మీద రెక్కలు పరుచుకుని కూర్చుంది. వాటి గొంతులు నిండుగా ఉన్నాయి.

గుంపులో ఎర్రవి ఇంకా ఉన్నాయి, వాటిలోని పెట్టే ఏదో పిల్లల్ని చేరదీసిందనుకుంది. దాన్ని గూట్లో పెట్టి, చలిగాలికి కోటు అడ్డం కట్టి, ఆయన వట్టి చొక్కాతో వెళ్ళాడు. తను అన్న మాటలు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. వీధిలోకి పరుగెత్తింది.

"హాజీ! హాజీ!"

పొగమంచులోంచి ఎవరూ పలకలేదు. ముసలివాళ్ళందర్నీ పిలిచినట్టు హాజీ అనడమే తప్ప, అన్నాళ్ళు టీ పోసి ఆయన పేరైనా అడగలేదు.

ఆయన మళ్ళీ రాలేదు.

బాదం చెట్లు పూసే వేళకు పిల్లలకు రెక్కలొచ్చాయి. కోటు దులిపి, తలుపు పక్కన చిలక్కొయ్యకు తగిలించి, ఎప్పటికైనా వస్తాడని ఎదురుచూస్తూ ఉంది.

ఒక తెల్లటి ఉదయం గింజలమ్మే జుహ్దీ బస్తా మోసుకుని డాబా మీదికి వచ్చాడు.

"విన్నావా అత్తా? ఎదురుకొండ అబూ దిర్గామ్ పోయాడట. ఆ మంచు రోజుల్లోనే, రొమ్ము పట్టేసి."

రస్మియ్య నోటిదాకా వచ్చిన తిట్టును మింగేసింది. పోయినవాణ్ణి తిట్టకూడదు.

"దేవుడు చూసుకుంటాడులే," అంది ముక్తసరిగా.

జుహ్దీ వినడం లేదు. గూటి ముందు వంగి, ఎర్ర పెట్టను చేతిలోకి తీసుకుని దాని కాలు చూస్తున్నాడు.

"ఇది యాకూత కదూ! షుక్రీ కట్టిన నీలం పూస ఇదిగో. చిక్కిన పావురాన్ని తిరిగిచ్చిన మగాడు ఈ ఊళ్ళో ఇంతవరకూ లేడే, ఇదెలా వచ్చింది?"

రస్మియ్య తల తిప్పి లోయకేసి చూసింది.

లోయలో పొగమంచు విడిపోతోంది. ఎదురుకొండ మీద ఒక డాబా, దాని మీద ఖాళీ గూళ్ళు మెల్లగా బయటపడ్డాయి.

తన శాపాలకు టీ ఊదుకుంటూ ఆమీన్ అన్న మనిషి ఇల్లు ఏదో ఆమెకు అప్పుడు తెలిసింది.