ఎమెట్‌ని దింపొద్దు

“మొదటి ఏడాదివాళ్ళని ఆడించను. అంతే!” అన్నాడు కోచ్ కోల్బీ.

సీజన్ మొదలైనప్పటి నుంచి అదే మాట. నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఆ చిన్న కాలేజీకి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు తయారు చేయడమంటే చిల్లుకుండలో నీళ్ళు నింపడమే. కాస్త ఆట వచ్చిందంటే చాలు, కుర్రాళ్ళు పెద్ద కాలేజీలకి ఎగిరిపోతారు. మొన్న వేసవిలో సగం జట్టు అలాగే ఖాళీ అయింది. కోల్బీ కూడా ఊరుకోలేదు. అక్కడా ఇక్కడా తిరిగి, మూడో ఏడాది, నాలుగో ఏడాదివాళ్ళని బతిమాలి తెచ్చుకున్నాడు.

“నాకు పండినవాళ్ళు కావాలి థాడ్, పచ్చికాయలు కాదు” అన్నాడు సహాయ కోచ్‌తో.

“ఎమెట్ మరీ పచ్చికాయేం కాదు కదా?”

“నువ్వు మధ్యలో దూరకు.”

ఎమెట్‌ది జట్టులో ఒకటే పని. బంతి అడ్డకర్ర పైనుంచి, రెండు స్తంభాల మధ్యగా వెళ్ళేలా తన్నడం. సాధనలో బాగానే తన్నేవాడు. తీరే బాగుండేది కాదు. సాయంత్రం జట్టు సమావేశం పెడితే కుర్చీలోనే గురక. పిలిస్తే పలకడు, రెండోసారి గొంతు చించుకోవాలి. కొత్తగా చేరినవాళ్ళు సీనియర్ల సంచులు మోయడం అక్కడి రివాజు. ఎమెట్ సంచిని మాత్రం సీనియర్లే పోటీపడి మోసేవారు. ఇంకెవరైనా అయితే కోల్బీ మైదానం చుట్టూ పరుగులు పెట్టించేవాడు. ఎమెట్ దగ్గరికి వచ్చేసరికి నోరు పెగిలేది కాదు.

పైగా రోజూ ఒకటే నస.

“కోచ్ గారికి ఇవాళైనా దయ కలుగుతుందా?”

“వచ్చే ఏడాది చూద్దాం.”

“వచ్చే ఏడాది నేనుంటానని ఏమిటి నమ్మకం?”

కోల్బీ ముఖం పాలిపోయేది. “అలాంటి మాటలు మాట్లాడొద్దన్నానా!”

ఇది చాలదన్నట్టు ఎమెట్ ఇంటి నుంచి లొరెటా ఫోన్లు. పొద్దున కాఫీ కప్పు పెదవికి ఆనకముందే మోగేది. మిగతా ఆటగాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చే ఫోన్లన్నీ ‘మావాణ్ణి ఆడించండి’ అని. ఈవిడది ఎదురు.

“కోల్బీ! ఎమెట్‌ని మైదానంలోకి దింపావో, నీ సంగతి చెప్తా. ఆ ఏనుగుల్లాంటి వాళ్ళు మీద పడితే ఏమన్నా మిగులుతుందా?”

“దింపనన్నానుగా.”

“నీ మాటలు నాకు తెలీవా! సరే గానీ, చలి ముదిరింది. చొక్కా లోపల ఉన్ని బనీను ఉందో లేదో చూడు.”

“చూస్తాను” అన్నాడు, కేకేస్తే పక్క ఊరికి వినిపిస్తుందని పేరున్న కోచ్, పిల్లిలా.

సీజన్లో ఆఖరి మ్యాచ్ వచ్చింది. పక్క కౌంటీ కాలేజీతో. ఇది కూడా పోతే కొత్త కోచ్‌ని వెతుక్కుంటామని కాలేజీ అధ్యక్షురాలు ముందే చెప్పేసింది. అదీ ఎంతో మర్యాదగా, గుమ్మడికాయతో చేసిన తీపి ‘పై’ ముక్క కోసి చేతికిస్తూ.

కాన్సస్ నుంచి బతిమాలి తెచ్చుకున్న జారెన్ ఆరోజు గురి తప్పకుండా తన్నుతున్నాడు. నాలుగో ఏడాదివాడు, బాగా పండినవాడు. చివరి పావుగంటలో కూడా ఒకటి కొట్టాడు. కొట్టిన ఆనందంలో రెండు చేతులూ ఎత్తి గాల్లోకి ఎగిరాడు. దిగడం మాత్రం సరిగ్గా దిగలేదు. చీలమండ మెలిపడి, బండిలో పడుకుని బయటికి వెళ్ళాడు.

ఇక కొన్ని సెకన్లే ఉన్నాయి. జట్టు రెండు పాయింట్లు వెనకబడింది. ఒక్క తన్ను సరిగ్గా పడితే మూడొస్తాయి.

“ఇంకెవరున్నారు?” అన్నాడు కోల్బీ.

“ఎమెట్ తప్ప ఎవరూ లేరు.”

“ఆవిడ నన్ను చంపేస్తుంది.”

“ఓడిపోతే అధ్యక్షురాలు చంపుతుంది. ఎవరి చేతిలో పోతావో తేల్చుకో” అన్నాడు థాడ్.

ఎమెట్ అప్పటికే శిరస్త్రాణం పెట్టేసుకుని నిలబడ్డాడు. కోల్బీ వెళ్ళి భుజాలు పట్టుకున్నాడు.

“తన్నగానే పక్కకి తప్పుకో. ఎవరితోనూ పెట్టుకోకు. పరిగెత్తొద్దు.”

“నువ్వు పరిగెత్తమన్నా పరిగెత్తను” అన్నాడు ఎమెట్, మైదానంలోకి తాపీగా నడుస్తూ.

“కోల్బీ!” అని జనంలోంచి ఒక కేక వచ్చింది. బ్యాండు మోత మధ్య కూడా అది లొరెటా గొంతని కోచ్‌కి తెలిసిపోయింది. తల తిప్పి చూసే ధైర్యం చేయలేదు.

బంతి లేచింది. తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతూ వెళ్ళింది. ఎడమ స్తంభానికి ఠంగుమని తగిలింది. అడ్డకర్ర మీద పడి, అక్కడ కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, అవతలి వైపుకి జారిపోయింది.

స్టేడియం పిచ్చెక్కిపోయింది. కుర్రాళ్ళు ఎమెట్‌ని భుజాల మీదికి ఎత్తుకుని గంతులు మొదలుపెట్టారు.

“మెల్లిగారా! పడేస్తారు! దించండ్రా!” అంటూ కోల్బీ వాళ్ళ వెనకే పరిగెత్తాడు. గెలిచిన సంగతి కూడా గుర్తున్నట్టు లేదు. కిందికి దించాక ఎమెట్‌ని గట్టిగా వాటేసుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

టీవీ అమ్మాయి మైకు పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

“ఎమెట్, మొదటి ఏడాదే మీ మీద ఇంత నమ్మకం పెట్టుకున్న కోచ్ గురించి ఒక్క మాట చెప్పండి!”

“ఏం చెప్పమంటావమ్మా, సీజనంతా బెంచీ మీద కూర్చోబెట్టాడు వెధవ, కన్నతండ్రినని కూడా చూడకుండా!”